నెల్లూరులో ఇద్దరే గడిపే ఒక రోజు: పెన్న ఒడ్డు వెంట

మాకు పెళ్ళయిన రెండో ఏడు సంక్రాంతి సెలవుల్లో, ఒక రోజంతా మేమిద్దరమే బయట గడపాలని అనుకుని నేనొక చీటీ రాసుకున్నాను. జొన్నవాడ, నరసింహకొండ, రంగనాయకుల గుడి, మూలాపేట శివాలయం, చిన్న బజారు, మైపాడు అని అందులో ఆరు పేర్లున్నాయి. రెండో పేరు దగ్గరే ఆ చీటీ ఆగిపోయింది. మేము నరసింహకొండ ఎక్కేసరికి పన్నెండు దాటింది, గుడి తలుపులు మూసి ఉన్నాయి, మా ఆవిడ పొద్దున తలలో పెట్టుకున్న గులాబీ వడలిపోయింది, ఇద్దరికీ ఆకలి మీద కోపం కూడా వచ్చింది. వేరే దారి లేక ఒక చెట్టు నీడన కూర్చుని, ఇంటి నుంచి కట్టి తెచ్చుకున్న పులిహోర పొట్లం విప్పుకున్నాం. కింద పెన్న ఇసుక తిన్నెల మధ్య సన్నని పాయలుగా మెరుస్తూ కనబడుతోంది. ఆ చెట్టు కింద గంటన్నరసేపు మేము మాట్లాడుకున్నంత తీరికగా అంతకుముందు ఏడాది పొడుగునా ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆ తర్వాత ఎన్నోసార్లు అలా వెళ్ళాం. ఇప్పుడు ఎవరైనా అడిగితే నేను చెప్పే పద్ధతి ఆ కొండ మీద నేర్చుకున్నదే. రోజుకు మూడు చోట్లు చాలు, ఆ మూడూ ఒకే నది ఒడ్డున ఉండాలి, ఎండ మండే మధ్యాహ్నం మూడు గంటలు నీడ పట్టున గడపాలి.

నెల్లూరులో ఈ పద్ధతి పాటించడం తేలిక, ఎందుకంటే ఈ ఊరి చరిత్ర చాలావరకు పెన్న ఒడ్డునే ఉంది. విక్రమసింహపురి అని పాత పేరున్న ఈ పట్నం 13వ శతాబ్దంలో తెలుగు చోడ రాజు మనుమసిద్ధికి రాజధాని. ఆయన మంత్రిగా ఉన్న తిక్కన సోమయాజి, మహాభారతంలో విరాటపర్వం మొదలుకొని పదిహేను పర్వాలను తెలుగు చేసిన కవి. నెల్లూరు అన్న పేరుకు రెండు రకాల అర్థాలు చెబుతారు. నెల్లి అంటే ఉసిరి, ఉసిరి చెట్టు కింద వెలసిన శివలింగాన్ని బట్టి ఊరికి ఆ పేరు వచ్చిందని మూలాపేట మూలస్థానేశ్వరుడి గుడి కథ చెబుతుంది; నెల్లు అంటే వరి, వరి పండే ఊరు కనుక నెల్లూరు అయిందని మరికొందరు అంటారు. మొలగొలుకుల బియ్యం పండే పొలాల మధ్య నుంచి వెళుతున్నప్పుడు రెండో మాట నిజమనిపిస్తుంది, కార్తికమాసంలో ఉసిరి చెట్టు కింద వనభోజనానికి కూర్చున్నప్పుడు మొదటిది నిజమనిపిస్తుంది. ఇలాంటి నాలుగు సంగతులు ముందుగా తెలుసుకుని వెళితే దారిలో ఇద్దరికీ మాటకు మాట దొరుకుతుంది.

మొదట నిర్ణయించుకోవలసింది నెల. కోస్తాలో చాలా జిల్లాలకు వానలు జూన్ నుంచి పడితే, నెల్లూరుకు అసలు వానలు ఈశాన్య ఋతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. నవంబరులో వాయుగుండాలు, తుపానులు ఈ తీరానికి అలవాటు. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరదను ఇక్కడివారు ఇంకా తలుచుకుంటారు. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం తొమ్మిది దాటితే బయట నిలబడటం కష్టం. వానలు వెనుదిరిగి, నదిలో కాస్త నీరు మిగిలి, ఎండ ఇంకా ముదరని డిసెంబరు చివరి వారం నుంచి ఫిబ్రవరి దాకా ఉన్న రోజులు దీనికి సరైనవి. వేసవి తప్ప సెలవు దొరకని వారు ఉదయం ఆరు నుంచి తొమ్మిది వరకు, మళ్ళీ సాయంత్రం అయిదు తర్వాత మాత్రమే బయట తిరిగేటట్టు ఏర్పాటు చేసుకోవాలి. అప్పుడు మల్లెల కాలం కనుక, ఆ లోటు కొంత తీరుతుంది.

తేదీ ఎంచుకునేటప్పుడు ఉత్సవాలను కూడా చూసుకోవాలి. వైకుంఠ ఏకాదశినాడు రంగనాయకుల గుడికి, బ్రహ్మోత్సవాల రోజుల్లో జొన్నవాడకు వెళితే పుణ్యం దక్కుతుంది గాని ఏకాంతం దక్కదు. మొహర్రం సమయంలో నెల్లూరు చెరువు ఒడ్డున, బారాషహీద్ దర్గా దగ్గర జరిగే రొట్టెల పండుగ సంగతి మాత్రం వేరు. పన్నెండుమంది వీరుల సమాధులున్న ఆ దర్గా దగ్గర, కోరిక ఉన్నవాళ్ళు చెరువు నీళ్ళలో నిలబడి రొట్టె అందుకుంటారు, కోరిక తీరినవాళ్ళు మరుసటి ఏడు వచ్చి రొట్టె పంచుతారు. పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె, ఉద్యోగం రొట్టె, ఆరోగ్యం రొట్టె అని పేరు పెట్టి పిలుస్తూ, ముక్కూ మొహం తెలియనివాళ్ళు మతం అడగకుండా ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకునే దృశ్యం దంపతులిద్దరూ కలిసి ఒక్కసారైనా చూడవలసింది. అయితే లక్షలమంది వచ్చే జనంలో చేయి వదలకుండా నడవడమే పని అవుతుంది కాబట్టి, దాన్ని వేరే ప్రయాణంగా పెట్టుకోవాలి.

తర్వాత ఇంట్లో చెప్పడం. మన ఇళ్ళలో ఇది చిన్న విషయం కాదు. ఫలానా చోటికి వెళ్తున్నామని అంటే అత్తగారు, ఆడపడుచు, పక్కింటి పిల్లలు కూడా బయలుదేరుతారు, వాళ్ళది తప్పు కాదు, గుడికి వెళ్ళడమంటే అందరం కలిసి వెళ్ళడమనే అలవాటు మనది. అందుకని దాచి చెప్పకుండా, ఆ రోజు మేమిద్దరమే వెళ్తాము, వచ్చే ఆదివారం అందరం కలిసి వెళదాము అని వారం ముందే చెప్పడం మేలు. పిల్లలున్నవారు వాళ్ళను ముందు రోజు రాత్రే అమ్మమ్మ దగ్గరో నానమ్మ దగ్గరో దింపాలి. పొద్దున్నే దింపుదామని అనుకుంటే ఏడుపులు, బుజ్జగింపులతో ఎనిమిది అవుతుంది, చల్లని వేళ కాస్తా చేజారుతుంది. నిశ్చితార్థమై పెళ్ళికి ఇంకా నెలలున్న జంటలు రెండు ఇళ్ళలోనూ చెప్పి, వెలుగుండగానే తిరిగి వచ్చేటట్టు పెట్టుకుంటే మనసులో బెరుకు లేకుండా తిరగవచ్చు.

ఒంగోలు వైపు నుంచి వచ్చేవారికి నెల్లూరు జాతీయ రహదారి మీద సుమారు 120 కిలోమీటర్లు. రోడ్డు బాగుంటుంది గాని, తెల్లవారుజామునే రైలెక్కితే ఇద్దరూ కిటికీ దగ్గర కూర్చుని రావచ్చు, ఒకరు స్టీరింగు పట్టుకుని ఇంకొకరు కునికిపాట్లు పడే బాధ ఉండదు. ఊళ్ళో దిగాక ఒక ఆటోను మధ్యాహ్నం వరకు మాట్లాడుకుని, ఎక్కడెక్కడికి, ఎంతసేపు ఆగాలి, మొత్తం ఎంత అన్నది ఎక్కకముందే తేల్చుకోవాలి. ప్రతిచోటా దిగి బేరమాడితే మనసు చిన్నబోతుంది. ఒకసారి ఒక డ్రైవరు సగం దారిలో నిలిపి అదనంగా అడిగినప్పుడు, నేను వాదనకు దిగి ఆ ఉదయమంతా పాడుచేసుకున్నాను. డబ్బు పోయిందని కాదు, పక్కన కూర్చున్న మనిషి ఒక్క మాటా మాట్లాడకుండా రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నందుకు ఇప్పటికీ బాధపడతాను.

ఇక ఆ రోజు. ఉదయం చోటుగా జొన్నవాడ, నరసింహకొండల్లో ఏదో ఒకటే ఎంచుకోవాలి. రెండూ పట్నానికి పడమరగా పది పదిహేను కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి, పై నుంచి చూస్తే ఎదురెదురుగానే కనబడతాయి, కాని జొన్నవాడ పెన్నకు ఉత్తరపు ఒడ్డున, కొండ దక్షిణపు ఒడ్డున ఉన్నాయి కనుక కంటికి దగ్గరైనంతగా దారికి దగ్గర కావు. కశ్యప మహర్షి వేదగిరి మీద, అంటే ఈ నరసింహకొండ మీద, యజ్ఞం చేశాడని, ఆ యజ్ఞం నుంచే కొండ మీద నరసింహస్వామి, జొన్నవాడలో మల్లికార్జునస్వామి, పట్నంలోని రంగనాయకుల గుడిలో తల్పగిరి రంగనాథుడు వెలిశారని స్థలపురాణం చెబుతుంది. యజ్ఞవాటిక అన్న మాటే జనం నోట జొన్నవాడ అయిందంటారు. మూడు గుళ్ళనూ ఒకే కథ కలుపుతుంది కాబట్టి ఉదయం ఒకటి, సాయంత్రం రంగనాథుడు అని పెట్టుకుంటే ఆ కథ పొద్దున మొదలై పొద్దు గుంకే వేళకు పూర్తవుతుంది.

అమ్మవారి మీద భక్తి, నీటి ఒడ్డున కూర్చోవాలన్న కోరిక ఉంటే జొన్నవాడ మేలు. కామాక్షమ్మ దర్శనం చేసుకుని, గుడి దాటి నది దగ్గరకు నడిచి, మెట్ల మీద కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చోవచ్చు. నిశ్శబ్దం, గాలి, దూరపు చూపు కావాలంటే కొండ మేలు. ఏది ఎంచుకున్నా ఏడు గంటలకల్లా అక్కడ ఉండాలి. మన గుళ్ళు సాధారణంగా మధ్యాహ్నం మూసి మళ్ళీ సాయంత్రం తెరుస్తారు, ఆ వేళలు ఉత్సవాలను బట్టి మారుతుంటాయి కనుక ముందు రోజు కనుక్కోవాలి. దర్శనం కాగానే లేచి రాకూడదు. నేను ఒక్క నియమం పెట్టుకున్నాను: గుడిలో ఎంతసేపు గడిపామో, గుడి బయట చెట్టు కిందో మెట్ల మీదో అంతసేపూ గడపాలి. కెమెరా తీసేది ఆ తర్వాతే. ముందే తీస్తే ఆమె చీర కుచ్చిళ్ళు సర్దుకోవడం, నేను వెలుతురు ఎటు వైపుందో వెతకడంతోనే సరిపోతుంది.

తిరుగు దారిలో ఫలహారం. నెల్లూరులో పొద్దుటిపూట తినవలసింది కారం దోశ. పెనం మీద దోశ సగం కాలాక పైన ఎర్రకారం పూసి, పప్పుల పొడి చల్లి, నెయ్యి వేసి మడత పెడతారు; కారం నెయ్యిలో వేగిన వాసన దుకాణం బయటికే వస్తుంది. ఈ ఊరి కారం పేరుకు మాత్రమే కారం కాదు. అలవాటు లేనివారు ఒకటి కారందీ, ఒకటి సాదాదీ చెప్పి చెరి సగం పంచుకోవడం మంచిది. పంచుకు తినడంలో ఉన్న చనువు కూడా ఈ రోజులో భాగమే.

తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర వరకు మిగిలిన వేళకు నేను గట్టిగా చెప్పేది మగ్గాల దగ్గరకు వెళ్ళమని. వెంకటగిరి చీరలు ఎంత పేరున్నవో చెప్పనక్కరలేదు. సన్నని నూలు, జరీ అంచు, చేత్తో ఎక్కించే జాంధానీ బుటాలు వాటి గుర్తులు. కాని వెంకటగిరికి వెళ్ళి రావడానికి సగం రోజు పడుతుంది. కోవూరు దగ్గరి పాటూరు కూడా చేనేతకు పేరున్న ఊరే, జొన్నవాడ వెళ్ళినవారు ఉత్తరపు ఒడ్డునే తిరిగి వస్తూ అటు వెళ్ళవచ్చు. అక్కడ ఒక ఇంటి వసారాలో మేము చూసింది ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది. మగ్గం గుంటలోకి కాళ్ళు దించి కూర్చున్న పెద్దాయన కుడి చేత్తో తాడు లాగగానే అడ్డపోగును మోసే నాడె, నిలువు పోగుల పడుగు మధ్య నుంచి ఇటు నుంచి అటు దూకేది, ఆయన పలక దగ్గరకు లాగి ఒక్క దెబ్బ కొట్టేవాడు; ఒక దెబ్బకు చీర ఒక పోగంత పెరిగేది. గోడ పక్కన ఆయన భార్య రాట్నం మీద నూలు కండెలు చుడుతూ, ఆయన చేయి చాచగానే తల ఎత్తకుండానే కండె అందించేది. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు, కాని ఆ పని ఇద్దరిదీ. మా ఆవిడ అది చూస్తూ చాలాసేపు నిలబడిపోయింది, బయటకు వచ్చాక నా చేయి పట్టుకుంది. అక్కడ కొనవలసిన నిర్బంధం లేదు. కొంటే మాత్రం చీర భర్త ఎంచి ఇవ్వడం కంటే, నాలుగు చీరలు పరిపించి, ఆమె చేయి ఏ చీర మీద ఎక్కువసేపు ఆగిందో గమనించడం మేలు. మగ్గం ఆడుతున్నప్పుడు పడుగును తాకకూడదు, ఫొటో తీయాలంటే అడిగి తీయాలి.

మధ్యాహ్న భోజనానికి వేరే ఆలోచన అక్కరలేదు, మాంసాహారం తినేవారైతే చేపల పులుసు అన్నమే. చింతపండు పులుసులో మామిడికాయ ముక్కలు వేసి, మెంతుల వాసన తగలనిచ్చి వండే నెల్లూరు చేపల పులుసు, వండిన పూట కంటే మరుసటి పూటకే రుచి. అందువల్ల మెస్సులో అడిగేటప్పుడు సిగ్గుపడకుండా రాత్రి వండిన పులుసు ఉందా అని అడగవచ్చు. కొరమీను, బొమ్మిడాయిలు దొరికిన రోజు వాటినే తీసుకోవాలి. ముళ్ళు తీసి పెట్టడం తెలిసిన మనిషి ఎదుట కూర్చున్నవారికి ఆ పని చేయడానికి ఇది మంచి సమయం. శాకాహారులకు పప్పు, గోంగూర, గడ్డ పెరుగుతో పెట్టే భోజనం ఊరంతా దొరుకుతుంది. పన్నెండున్నరకే వెళితే కూర్చోవడానికి మూల బల్ల దొరుకుతుంది, ఒంటిగంట దాటితే వెనక నిలబడి మన విస్తరి ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూసేవాళ్ళుంటారు.

భోజనం తర్వాత మూడున్నర వరకు ఎక్కడికీ వెళ్ళకూడదు. బయటి ఊరి నుంచి వచ్చినవారు ఈ మూడు గంటల కోసమే ఒక గది తీసుకున్నా అది దండగ ఖర్చు కాదు. ఊళ్ళోవారు ఇంటికే వెళ్ళి, ఫ్యాను కింద పడుకుని లేవవచ్చు. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు; ఖాళీగా ఉన్నామని ఎండలో బజారుకు వెళ్ళి, తలనొప్పి తెచ్చుకుని, సాయంత్రాన్ని నష్టపోతారు. పద్యం చదివే అలవాటున్న వారు తిక్కన విరాటపర్వం వెంట తెచ్చుకుని, ఈ వేళ ఒకరు చదువుతుంటే ఇంకొకరు వినవచ్చు. ఆయన తిరిగిన ఊళ్ళో, ఆయన తాగిన నీళ్ళు పారే నదికి దగ్గరగా కూర్చుని ఆ పద్యాలు చదవడంలో ఉన్న ఆనందం వేరే చోట రాదు.

సాయంత్రానికి రెండు దారులున్నాయి, నది ఒకటి, సముద్రం ఒకటి. రెండూ ఒకే సాయంత్రం కుదరవు. మైపాడు పట్నానికి సుమారు 25 కిలోమీటర్లు, సరుగుడు తోటల మధ్య నుంచి దారి. అక్కడికి సూర్యాస్తమయం చూడాలని వెళ్ళేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మనది తూర్పు తీరం, సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, మన వెనక తోటల్లోకి దిగుతాడు. కాబట్టి మైపాడుకు తెల్లవారుజామున వెళ్ళాలి, లేదంటే పున్నమినాడు సాయంత్రం వెళ్ళాలి. పున్నమి రోజు వెనక పొద్దు గుంకుతుండగానే ఎదుట నీళ్ళలోంచి చంద్రుడు లేస్తాడు, మొదట ఎర్రగా, తర్వాత పసుపుగా, చివరకు తెల్లగా మారతాడు, అలల మీద ఆ వెలుగు కాళ్ళ దాకా వస్తుంది. ముందు పంచాంగం చూసుకుని పున్నమికి రోజు కుదుర్చుకున్న మనిషిని, ఎదుటివారు ఎప్పటికీ మరిచిపోరు. నీళ్ళలోకి మాత్రం పాదాలు తడిసేంత వరకే దిగాలి. ఈ తీరంలో లాగుడు ఎక్కువ, ఈత వచ్చినవారికి కూడా ప్రమాదమే. చీకటి పడ్డాక తిరుగు బండి దొరకడం కష్టం కనుక, వెళ్ళిన బండినే నిలిపి ఉంచుకోవాలి.

మిగతా రోజుల్లో నది దారే మంచిది, నా మనసు కూడా దాని మీదే. పెన్న పడమర నుంచి తూర్పుకు పారుతుంది, అందుచేత సముద్రం దగ్గర దొరకని అస్తమయం నది దగ్గర దొరుకుతుంది. ఎగువకు తిరిగి కూర్చుంటే సూర్యుడు ఇసుక తిన్నెల మీదుగా నేరుగా నీళ్ళలోకి దిగినట్టు కనబడతాడు. డిసెంబరు, జనవరి నెలల్లో ఆరు గంటల ప్రాంతానికే పొద్దు గుంకుతుంది కనుక, నాలుగున్నరకే రంగనాథుడి గుడి ఉన్న రంగనాయకులపేట చేరాలి. దారిలో చిన్న బజారులో పూలు కొనాలి. చలికాలంలో మల్లెలు తక్కువ, కనకాంబరాలు, చేమంతులు ఉంటాయి. కనకాంబరాలు రాత్రి వరకు వాడవు. రెండు మూరలు కొని, కవరులో పెట్టి ఇవ్వకుండా, నదీ తీరంలో కూర్చున్నాక తలలో మీరే పెట్టండి. జనం చూస్తారేమోనని మొదటిసారి నేను వెనకాడాను. ఎవరూ చూడలేదు, చూసిన ఒక ముసలావిడ నవ్వి తల తిప్పుకుంది.

రంగనాథస్వామి గుడిలో ముందు దర్శనం చేసుకుని, అద్దాల మండపం చూసి, తర్వాత నది వైపు రావడం ఒక వరుస. నేను మాత్రం ముందు నది, తర్వాత గుడి అంటాను. వెలుగు ఉన్నంతసేపు ఒడ్డున కూర్చోవాలి. పెన్న మీద 2022లో ప్రారంభమైన కొత్త బ్యారేజీ ఉంది, 19వ శతాబ్దంలో ఆంగ్లేయులు కట్టిన ఆనకట్ట పని ఇప్పుడు అది చేస్తోంది. నీరు నిలిచిన రోజుల్లో కొంగలు గుంపులుగా దిగుతాయి. అక్కడ కూర్చున్నప్పుడు ఫోన్లు రెండూ ఒకే సంచిలో వేసి, సంచి మూతి కట్టేయాలి. ఇంటి నుంచి పిల్లల కబురు వస్తుందేమోనన్న భయం ఉంటే అయిదు గంటలకు ఒకసారి మాట్లాడి ఆ తర్వాత కట్టండి. మాటలు వాటంతట అవే వస్తాయి. రాకపోయినా ఫరవాలేదు, పాటూరులో ఆ ఇద్దరూ మాట్లాడుకోలేదు కదా.

పొద్దు గుంకి, గాలి గోపురం మీద దీపాలు వెలిగాక లేచి గుడిలోకి వెళ్ళాలి. శేషతల్పం మీద పవళించిన స్వామిని దీపపు వెలుగులో చూడటం పగటి వెలుగులో చూడటం కంటే బాగుంటుంది, పొద్దున కొండ దగ్గర మొదలైన కథ కూడా అక్కడికి చేరుతుంది. బయటకు వచ్చి, ట్రంకు రోడ్డు మీద మలై కాజాలు ఒక పెట్టె ఇంటికి కట్టించుకోవాలి. పిల్లలను చూసుకున్న అమ్మకు, అత్తగారికి అవి ముందు ఇచ్చి, ఆ తర్వాతే చెప్పులు విడవాలి.